వాకిలి లేని కణాలు

ఆమె పాత మీడియం, కణాలు తాగి బతికే ఆ ఎర్రటి నీళ్ళు, గొట్టంతో పీల్చేసి, సీసా గోడ వెంట జారేలా కొత్తది పోసింది. నేరుగా కణాల మీద పోస్తే ఆ దెబ్బకి అవి ఊడి లేచిపోతాయి. మూత బిగించి, సీసాను అటూ ఇటూ మెల్లగా వంచి, పక్కన పెట్టి, చేతి తొడుగుల మీద ఆల్కహాల్ చల్లుకుని రెండో సీసా అందుకుంది. ముందు గాజు తెర, వెనక గాలి హోరు, మధ్యలో మోచేతుల దాకా దూర్చిన ఆమె చేతులు. ఇన్నేళ్ళ అలవాటు మీద ఈ పనికి చేతులు చాలు, బుర్రతో అవసరం లేదు. అదే వచ్చిన చిక్కు. పనిలేని బుర్ర ఒకచోట కుదురుగా ఉండక ఇంటికి పరిగెత్తుతుంది.

ఇంట్లో అత్తగారు ఈపాటికి బట్టలు మడతలు పెట్టుకుంటూ ఉంటుంది. శనివారం కూతురు వచ్చి తీసుకుపోతుంది. ఇక ఆవిడ ఉండేది అక్కడే. రేపొక్క రోజే మిగిలింది, అదీ ఆడపడుచు ఫోన్లతో గడిచిపోతుంది. చెప్పాలంటే ఈ సాయంత్రమే చెప్పాలి.

"అత్తయ్యగారూ, ఆ జబ్బు ముందు వచ్చింది నాకు కాదు, మీకు," అంది ఆమె సీసాతో. గాలి హోరులో పక్కనున్న వాళ్ళకు కూడా వినిపించలేదు. మాట మరీ మొరటుగా ఉందనిపించింది. మూత తిప్పుతూ మళ్ళీ అంది. "మీకు గుర్తుందా అత్తయ్యగారూ, అప్పుడు మీరు బాగా దగ్గారు." ఇది మరీ మెత్తగా ఉంది. ఇలా మొదలుపెడితే ఆవిడ మధ్యలోనే అందుకుని తన మోకాళ్ళ నొప్పుల దగ్గరికి తీసుకుపోతుంది.

ల్యాబులో ఆమెను అందరూ కణాలమ్మ అంటారు. కణాలకు మేత వేయడం, ఇరుకైతే విడదీసి కొత్త సీసాల్లోకి మార్చడం, కొన్నింటిని గడ్డకట్టించి దాచడం, ఇదీ ఆమె ఉద్యోగం. పొట్టి మనిషి. జుట్టంతా టోపీలోకి తోసి తోసి నుదుటి పైన పలచబడింది. ఆల్కహాల్‌కి ఎండిపోయిన వేళ్ళు చలికాలంలో పగులుతాయి. పిల్లల్లేరు. "ఇంట్లో లేకపోతేనేం, ఇక్కడ కోట్ల మందిని సాకుతున్నావుగా," అని ఒకావిడ ఒకసారి హాస్యమాడింది. అందరితోపాటు ఆమె కూడా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది, ఏడిస్తే దానికి వేరే కారణాలు వెతుకుతారు.

ఆమె పెంచే కణాల్లో ముఖ్యమైనవి రెండు రకాలు. ఒకదానికి కరోనా వైరస్ దూరే వాకిలి ఉంటుంది, రెండోదానికి ఉండదు. మైక్రోస్కోపు కింద చూస్తే రెండూ ఒకటే, కవల పిల్లల్లా. తేడా తెలియాలంటే వాటి మీద వేషగాణ్ణి వదలాలి.

వేషగాడన్నది ల్యాబువాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు. లోపల ఉండేది వేరే వైరస్ తాలూకు డొల్ల. అది పిల్లల్ని పెట్టడానికి కావలసినవన్నీ పీకేసి, ఆ చోట మిణుగురు పురుగు వెలుగుకు సంబంధించిన జన్యువొకటి పెడతారు. పైన మాత్రం కరోనా ముళ్ళు తొడుగుతారు. వేషం చూసి మోసపోయి కణం వాకిలి తీస్తుంది. లోపలికి పోయినవాడు అక్కడ చేయగలిగింది ఏమీ లేదు. పెరగలేడు, పక్క కణానికి పోలేడు, తెచ్చిన దీపం వెలిగించి కూర్చుంటాడు. కంటికి ఆనని ఆ వెలుగును యంత్రం కొలుస్తుంది. ఏ ముల్లు తలుపు బాగా తీస్తుందో, ఏ మందు దానికి అడ్డం పడుతుందో అలా తెలుస్తుంది. ప్రాణాలు తీసే అసలు వైరస్‌తో ఈ పని చేయాలంటే కోట లాంటి గదులు కావాలి. వేషగాడికి మామూలు గది చాలు.

ఇదంతా అత్తగారికి ఆమె చెప్పింది. ఒకసారి కాదు, చాలాసార్లు. మొదటిసారి చెప్పినప్పుడు ఆవిడ మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని శ్రద్ధగానే విన్నది.

"పైన ముళ్ళున్నాయంటున్నావు."

"ముళ్ళు మాత్రమే అత్తయ్యగారూ. లోపల ఏమీ లేదు."

"ముళ్ళు ఆ జబ్బువేనా?"

"ఆ."

"మరింకేం," అంది అత్తగారు, గోడవైపు తిరిగి పడుకుంటూ.

అంతటితో తీర్పు అయిపోయింది. కొడుకును కోడలే చంపింది, ఉద్యోగం పేరు చెప్పి సంచిలో జబ్బు మోసుకొచ్చి చంపింది. వీధిలో నలుగురికీ ఇదే చెప్పింది. వాళ్ళలో సగంమంది నమ్మారు, మిగతా సగం నమ్మనట్టు నటించి దూరంగా నడిచారు. రోగాలు తగ్గి, లోకం మాస్కులు తీసేసి, అందరూ అన్నీ మర్చిపోయాక కూడా ఆ ఇంట్లో రోగం తగ్గలేదు. ఆమె చేతిసంచి ఇవాళ్టికీ గడప దాటకూడదు, బయట మేకుకి వేలాడాలి. ఆమె కంచం వేరే అల్మరాలో ఉండాలి. అత్తగారి గదిలో ఆమె అడుగుపెట్టకూడదు. ఆమె పోసిన నీళ్ళు ఆవిడ తాగదు. ఆమె జీతంతో కొన్న మోకాళ్ళ మాత్రలు మాత్రం వేసుకుంటుంది, వాటికి అంటు లేదు కాబోలు.

అసలు జరిగింది వేరు. అది ఆమెకు తెలుసు, ఆమెకొక్కదానికే తెలుసు. ఊరంతా తలుపులు వేసుకున్న ఆ రోజుల్లో మొగుడు ఇంట్లోనే ఉండేవాడు. అతను పనిచేసే కళ్ళద్దాల దుకాణం మూసేశారు. "ఎవరికి దగ్గొచ్చినా నాకు చెప్పండి, వేరే గదిలో ఉంచి పరీక్ష చేయిద్దాం," అని ఆమె ఇద్దరికీ చెప్పింది. ఒక రాత్రి అత్తగారి గదిలోంచి దగ్గు వినిపించింది. మర్నాడూ వినిపించింది. దుమ్ము అంది ఆవిడ. "అమ్మకి దుమ్ము పడదని నీకు తెలుసుగా," అన్నాడు అతను. నమ్మింది. తరువాత రెండు రోజులకి పొయ్యి మీద గిన్నె మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, పక్కనే కూర్చున్న అత్తగారికి ఆ వాసనే తెలియలేదు. ఆ తరువాత అతనికి జ్వరం. అతన్ని ఆస్పత్రిలో చేర్చాక ఆమెకి జ్వరం. అతను మళ్ళీ ఇంటికి రాలేదు. ముందు తల్లి, తరువాత కొడుకు, చివర కోడలు. లోకం కొడుకునీ కోడల్నీ మాత్రమే లెక్కపెట్టి, ఆ ఇద్దరిలో ఎవరు తెచ్చి ఉంటారని అడిగింది. జబ్బు తేలిగ్గా వచ్చిపోయిన ముసలావిడ ఆ లెక్కలోకే రాలేదు.

ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. కన్నతల్లి ముందు నిలబడి, నీ దగ్గే నీ కొడుకును తీసుకుపోయిందని ఎలా అనడం? ఆ మాట విన్న తరువాత ఆవిడ బతకగలదా? ఆవిడకు తెలియదు కదా పాపం, తెలియక అంటోంది. ఇలా అనుకుని మింగింది. దాన్ని జాలి అనుకుంది. మంచితనం అని కూడా అనుకుంది, మనసులో ఎక్కడో ఒక మూల.

ఇంకో ఊరట కూడా ఉండేది. అతను ఆమెను ఒక్క మాట అనలేదు. ఆస్పత్రి నుంచి ఫోన్ చేసినన్ని సార్లూ తిన్నావా, పడుకున్నావా అనే అడిగాడు. ఆడపడుచు మాత్రం వేరే కథ చెబుతుంది. "అన్నయ్యని నేనే అడిగాను వదినా, వదిన ల్యాబు నుంచి తెచ్చిందా అని. కాదనలేదు. ఏమో అన్నాడు." ఆమె ఆ మాట నమ్మలేదు. ఆడపడుచు నోటికి నరం లేదని అందరికీ తెలిసిందే. ఊపిరాడని మనిషి ఏదో మూలిగితే దాన్ని ఏమో అని విని ఉంటుంది.

మొన్న సోమవారం పొద్దున అత్తగారు గడప లోపల నిలబడి, బయట చెప్పులు వేసుకుంటున్న ఆమెతో అంది. "అమ్మాయ్, నేను నా కూతురి దగ్గరికి పోతున్నా. ఉన్న ఒక్కడినీ పోగొట్టుకున్నా, నన్ను నేనైనా కాపాడుకోవాలి కదా."

పక్కింటావిడ మొక్కలకు నీళ్ళు పోస్తూ అంతా విన్నది. వినాలనే అంత గట్టిగా అంది. అప్పుడు తేల్చుకుంది ఆమె. ఆవిడ వెళ్ళేలోపు చెప్పేయాలి. ఏడవనీ, తిట్టనీ, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి "నీ వల్ల కాదులే" అనాలి.

ఈ గురువారం పదకొండింటికి పరిశోధకురాలు యంత్రం దగ్గర్నుంచి కేక పెట్టింది. "మేడమ్, ఒకసారి రండి!"

పెద్ద మేడమ్ తన గదిలోంచి వచ్చింది. కణాలమ్మ కూడా చేతి తొడుగులు తీసి వెనక నిలబడింది. తెర మీద అంకెలు. వేషగాణ్ణి వదిలిన పళ్ళెంలో వాకిలి లేని కణాలు దేదీప్యమానంగా వెలుగుతున్నాయి. వాకిలి ఉన్నవి చీకటిగా ఉన్నాయి. ముళ్ళు తొడగని బోడి వైరస్ మాత్రం ఎప్పటిలాగే ఎక్కడా వెలగలేదు.

"తెలిసిన వాకిలి లేకపోయినా దూరుతోంది మేడమ్," అంది పరిశోధకురాలు. మూడేళ్ళుగా ఏదీ కలిసిరాని పిల్ల. "ఇంకో దారేదో ఉండాలి."

"ఇంకో దారి ఉంటే మొదటి దారి ఎందుకు మూసుకుంది?" అంది పెద్ద మేడమ్. ఆవిడ గొంతులో ఉత్సాహం లేదు. అంకెలవైపు ఇంకాసేపు చూసి అడిగింది. "ఈ కణాలు విడదీసింది ఎప్పుడు?"

"సోమవారం," అంది కణాలమ్మ. అంటుండగానే టేపు ముక్కలు గుర్తొచ్చాయి.

కొత్త సీసాకు ముందు టేపు అంటించి పేరు రాయాలి, ఆ తరువాతే కణాలు పోయాలి. కొత్తగా చేరిన వాళ్ళకు ఆమె మొట్టమొదట నేర్పేది అదే. సోమవారం ఆమె ముందు పోసింది. పోస్తూ గడప లోపలి మనిషితో మనసులో పోట్లాడింది. పోట్లాట అయ్యాక చూసుకుంటే ముందు రెండు సీసాలు, పక్కన రెండు టేపు ముక్కలు. ఏది ఏదో తెలిసినట్టే అనిపించింది. అంటించేసింది.

నోరు మూసుకోవచ్చు. ఇంకోసారి చేసి చూద్దాం అంటారు, ఈలోగా సీసాలు మార్చేస్తే యంత్రం తప్పని వాళ్ళే అనుకుంటారు. ఆ ఆలోచన ఆమెకు రాలేదని కాదు, వచ్చింది.

"నేనే మార్చేశాను మేడమ్. టేపులు అటూ ఇటూ అంటించాను."

పరిశోధకురాలు తిరిగి చూసింది. ఆ చూపులో కోపం రావడానికి ఇంకా టైముంది, ముందు ఆశ పోవాలి.

"ఖాయంగానా?" అంది పెద్ద మేడమ్.

"ఖాయంగానే."

"వాటినన్నిటినీ పారేయండి. గడ్డకట్టించినవి తీసి మళ్ళీ మొదలుపెట్టండి. ఇంకో రెండు వారాలు పోయినట్టే." రెండడుగులు వేసి ఆగింది. "మీరు ఇలాంటి పొరపాటు చేయరే. ఇంట్లో ఏమైనా..."

"ఏం లేదు మేడమ్."

సీసాల్లో బ్లీచు పోసింది. ఎర్రటి మీడియం క్షణంలో రంగు విరిగి నీళ్ళలా అయిపోయింది. వాకిలి ఉన్నవీ పోయాయి, లేనివీ పోయాయి. పరిశోధకురాలు వెనకనుంచి వచ్చి, "పోనీలెండి అక్కా," అని, ఆ మాటతో తనకే ఏడుపొచ్చి వెళ్ళిపోయింది. కణాలమ్మకి సిగ్గు వేసింది, ఆ సిగ్గు అడుగున ఒక ధైర్యం కూడా తగిలింది. తప్పు ఒప్పుకోవడం ఇంతే కదా. నోరు తెరవాలి, అనాలి, ఎదుటివాళ్ళ మొహం చూడాలి, ఎవరూ చచ్చిపోరు. తను ఒప్పుకోగా లేనిది, ఆవిడ ఎందుకు ఒప్పుకోదు? ఇంట్లో వెలుగును కొలిచే యంత్రం లేకపోతేనేం, మాట ఉంది కదా.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. దారంతా మాటలు పేర్చుకుంది. ముందు మోకాళ్ళ సంగతి అడగాలి. ఆ తరువాత, "అత్తయ్యగారూ, మీ తప్పని కాదు, ఎవరి తప్పూ కాదు," అని మొదలుపెట్టాలి. దగ్గు గురించి, మాడిన గిన్నె గురించి చెప్పాలి. ఆవిడ అరిస్తే అరవనివ్వాలి. ఏడిస్తే, గదిలోకి రానిస్తే, పక్కన కూర్చోవాలి. ఎదురు సీట్లో మనిషి వింతగా చూస్తుంటే పెదవులు కదుపుతున్నానని తెలిసి కిటికీవైపు తిరిగింది.

ఇంటికి తాళం వేసి ఉంది.

పక్కింటావిడ తన గుమ్మంలోంచే తాళంచెవి అందించింది, చెయ్యి వీలైనంత పొడుగ్గా చాచి. "మధ్యాహ్నమే వెళ్ళిపోయారు. మీ ఆడపడుచు కారు తెచ్చింది. శనివారం వాళ్ళకి కుదరదట."

"నాకేమైనా చెప్పమన్నారా?"

పక్కింటావిడ ఆలోచించింది. "గ్యాస్ కట్టేశానని చెప్పమన్నారు."

తాళం తీసి లోపలికి వెళ్ళింది. సంచి భుజానే ఉందని వంటింటి దాకా వెళ్ళాక తెలిసింది. ఎవరూ అరవలేదు. దాన్ని భోజనాల బల్ల నడిమధ్యన పెట్టి దానివైపు చూస్తూ నిలబడింది. బస్సులో పేర్చుకున్న మాటలన్నీ నోట్లోనే ఉన్నాయి. ఏళ్ళ తరబడి దాచి, చెప్పాలనుకున్న రోజే వినేవాళ్ళు లేకుండా పోయారు. కోపం ముంచుకొచ్చింది, ఆవిడ మీద కన్నా తన మీద. ఎవరు అడిగారు నీ జాలి అని తనను తనే తిట్టుకుంది.

అత్తగారి గది తలుపు తోసింది. మంచం మీద పరుపు చుట్ట చుట్టి ఉంది. కిటికీ రెక్క ఒకటి కొట్టుకుంటోంది. చీపురు తెచ్చింది. అలవాటు, ఎక్కడైనా ఖాళీ కనబడితే శుభ్రం చేయకుండా ఉండలేదు. నేల ఊడ్చి, గోడ అల్మరా తెరిచి, అరల్లో పరిచిన పాత కాగితాలు లాగింది. పై అరలో కాగితం ఎత్తుగా ఉంది. దాని కింద, మూలకు తోసి, చిన్న సీసా.

దగ్గు మందు.

సీసా మీద తెల్లని ప్లాస్టరు ముక్క, దాని మీద రాత. కళ్ళద్దాల పొట్లాల మీద నంబర్లు వేసి వేసి చీమ తలకాయలంత అయిపోయిన అక్షరాలు. అలా రాసే మనిషి ఒక్కడే. "అమ్మ - పొద్దున రెండు చెంచాలు, రాత్రి రెండు." అతను బతికుండగా అత్తగారు మందు వేసుకునేంతగా దగ్గింది ఆ ఒక్కసారే.

ఆమె మంచం పట్టీ మీద కూర్చుంది. జబ్బు ముందు తనకే వచ్చిందని ముసలావిడకు తెలుసు. అతనికీ తెలుసు. తలుపులన్నీ మూసిన ఊళ్ళో ఎక్కడో తిరిగి మందు కొని తెచ్చాడు. ఆమెకి చెబితే పరీక్ష అంటుంది, తల్లిని వేరే పెట్టాలంటుంది, ఎవరో వచ్చి తీసుకుపోతారు. అందుకని తల్లీకొడుకులు గుట్టుగా రెండు చెంచాల లెక్కన కానిచ్చేశారు. దుమ్ము పడదని నీకు తెలుసుగా అన్న మనిషి, ఆస్పత్రి మంచం మీద నుంచి రోజూ తిన్నావా అని అడిగిన మనిషి, అక్కడ కూడా చెప్పలేదు. చెల్లెలు అడిగితే ఏమో అన్నాడు. అన్నాడనే ఇప్పుడు నమ్మాలి. తనను ఒక్క మాటా అనలేదని ఇన్నేళ్ళూ కడుపులో దాచుకుని కాచుకున్న ఊరట ఇదన్నమాట.

ముసలావిడ సీసా మర్చిపోయిందో, ఇక దాచే అవసరం లేదనుకుందో.

బల్ల మీద సంచిలో ఫోన్ మోగింది. ఆడపడుచు.

"వదినా, అమ్మ బాగానే చేరింది. ప్రయాణంలో కాస్త నలిగింది. అమ్మ మందులేమైనా అక్కడ వదిలేసిందా? ఒకటే గొణుగుతోంది, అల్మరా అల్మరా అని. ఏంటో చెప్పదు."

ఆమె ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని గది గుమ్మం దాకా వచ్చింది. ఇప్పుడు చెప్పొచ్చు. వినడానికి మనిషి ఉంది, చూపించడానికి సాక్ష్యం ఉంది. కానీ సాక్ష్యం మీద ఉన్న రాత తల్లిది కాదు, కొడుకుది. తల్లికి ముందొచ్చిందని చెబితే దాచింది ఎవరో కూడా చెప్పాలి. రేపటినుంచి వీధి వీధంతా అతని పేరు నమిలి ఉమ్మేస్తుంది, ఆడపడుచు ముందుండి ఉమ్మేస్తుంది. ఆమెను అంటే ఆమె ఉంది, పడింది. అతను లేడు.

"వదినా? వింటున్నావా?"

"ఏం లేదు," అంది. "అల్మరా ఖాళీగానే ఉంది."

"అవునా. సరే అయితే. ఇల్లు ఒకసారి మందు నీళ్ళతో కడిగించు వదినా, అమ్మ చెప్పమంది."

ఫోన్ పెట్టేసింది. కిటికీ రెక్కకి గడియ పెట్టి, లైటు ఆర్పకుండానే గదిలోంచి వచ్చేసింది. ఖాళీ అల్మరా పై అరలో దగ్గు మందు సీసా అలాగే నిలబడి ఉంది, అడుగున రెండు చెంచాల మందు గోధుమరంగుకి ఎండి గాజుకి అంటుకుపోయి.